నోటిలో ఊట



మన సీమలో ఎవరైనా బావి తవ్వించినా, బోరు వేయించినా ఊళ్లోవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఊట తగిలిందా?" ఎన్ని అడుగులు పోయింది, ఎంత ఖర్చయింది అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఊట ఉంటే చేను నిలుస్తుంది, లేకుంటే లేదు. అలాంటి ఊట ఒకటి ప్రతి మనిషి నోట్లోనూ ఉంది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. బావిలో నీళ్లు ఊరినా, మామిడికాయ చూసి నోరు ఊరినా మన భాషలో మాట ఒక్కటే. ఈరోజు నేను మాట్లాడబోయేది చక్కెర లేని చూయింగ్ గమ్ గురించి. అందులో వేసే తీపి పదార్థాలు నోట్లోని బ్యాక్టీరియాను ఏం చేస్తాయన్న దాని గురించి. మాట గమ్ముతో మొదలైనా, చివరకు చేరేది ఈ ఊట దగ్గరికే.

ధర్మవరం జంక్షన్‌లో బెంగళూరు వైపు పోయే బండి ఎక్కితే పెనుకొండ మీదుగా హిందూపురం చేరతాం. ఈ దారి పొడవునా తీపి ఉంది. ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషి పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, పొద్దుగూకే లోపల నాలుగైదు సార్లు టీ వస్తుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అలాంటి కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసే పిల్లలకు నిద్ర ఆపుకోవాలంటే టీ, బిస్కెట్టు, కూల్‌డ్రింకే దిక్కు. ఇక హిందూపురం సంగతి చెప్పేదేముంది? బెల్లానికి, చింతపండుకు, మిరపకాయలకు పేరుపడ్డ మార్కెట్టు. బెల్లం మండీలోకి అడుగుపెట్టి ఒక తునక నోట్లో వేసుకోకుండా బయటికి వచ్చే మనిషి అరుదు.

పన్ను నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది, "నేను తీపి ఎక్కువ తినను సార్" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ఎక్కువ తినరు, కానీ ఎక్కువ సార్లు తింటారు. పన్ను విషయంలో ఎంత తిన్నామన్న దానికన్నా, ఎన్నిసార్లు తిన్నామన్నదే పెద్ద లెక్క. ఎందుకో చెబుతాను.

పన్ను పుచ్చితే మన పల్లెల్లో "పన్నులో పురుగు పడింది" అంటారు. పొగ వేసి పురుగు తీస్తామని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పన్నులో అలాంటి పురుగేదీ ఉండదు. ఉన్నది కంటికి కనిపించని బ్యాక్టీరియా. 1890లో మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు, బెర్లిన్‌లో పనిచేస్తూ, ఈ సంగతి పుస్తకంగా రాశాడు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను, పిండిపదార్థాన్ని పులియబెడతాయి, అప్పుడు పుట్టిన ఆమ్లమే పన్నును కరిగిస్తుంది అన్నాడు. 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్లలోంచి ఒక బ్యాక్టీరియాను పట్టుకుని దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. మనుషుల నోళ్లలో 700కు పైగా రకాల బ్యాక్టీరియాను శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిలో చాలావరకు మన జోలికి రావు, కొన్ని మేలు కూడా చేస్తాయి. ఈ మ్యూటన్స్, దాని తోటి రకాలు కొన్ని మాత్రం చక్కెర దొరికితే రెచ్చిపోతాయి.

చిక్కీ చేసేటప్పుడు బెల్లం పాకం పట్టి అందులో శెనక్కాయ గింజలు పోస్తాం. గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. మ్యూటన్స్ కూడా మనం తిన్న చక్కెరతో ఇదే పని చేస్తుంది. కొంత తాను తిని ఆమ్లం వదులుతుంది. మిగిలినదాన్ని జిగురుగా మారుస్తుంది. ఆ జిగురుతో పన్నుకు అతుక్కుని, మిగతా బ్యాక్టీరియాను కూడా చేర్చుకుని ఒక పొర కడుతుంది. పొద్దున్నే నాలుకకు తగిలే ఆ పొరనే మనం పాచి అంటాం. బెల్లమైతే పళ్లకు మంచిది గదా అని కొందరు అడుగుతారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. మ్యూటన్స్‌కు రెండూ ఒకటే.

తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాలకే పాచి అడుగున ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో 7 అంటే మంచినీళ్ల వంటి స్థితి. అది సుమారు 5.5 కంటే కిందికి దిగిందంటే, పన్ను పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి వస్తాయి. 1940లలో స్టీఫన్ అనే శాస్త్రవేత్త ఈ హెచ్చుతగ్గులను కొలిచి చూపించాడు. నోరు మళ్లీ తేరుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈ తేరుకోవడం ఎవరి పని? మన నోటి ఊట పని. లాలాజలంలో బైకార్బొనేటు ఉంటుంది, అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. అందులోనే కాల్షియం, ఫాస్ఫేటు కరిగి ఉంటాయి, అవి పన్నులో పోయిన చోటికి తిరిగి చేరుకుంటాయి. అంటే పన్నుకు రోజూ కోతా ఉంది, పూడికా ఉంది. గంటకోసారి టీ తాగి, నడుమ బిస్కెట్టు కొరికే మనిషి నోట్లో కోత సాగుతూనే ఉంటుంది, పూడికకు సందు దొరకదు.

ఈ నడిమి గంటల్లోనే చక్కెర లేని గమ్ముకు పని ఉంది.

ఇందులో తీపికి వాడే పదార్థాల్లో ఎక్కువ చరిత్ర ఉన్నది జైలిటాల్. 1891 ప్రాంతంలో జర్మనీలో ఎమిల్ ఫిషర్, ఆయన తోటివాళ్లు, ఫ్రాన్సులో బెర్ట్రాండ్ దాదాపు ఒకే కాలంలో దీన్ని తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫిన్లండ్‌కు చక్కెర కరువు వచ్చింది. అప్పుడు అక్కడివాళ్లు బర్చ్ చెట్ల కలప నుంచి జైలిటాల్ తీయడం మీద కన్నేశారు. ఇప్పుడు గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెల నుంచి కూడా తీస్తున్నారు. ఆ ఫిన్లండ్‌లోనే టుర్కు విశ్వవిద్యాలయంలో షైనిన్, మాకినెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1972 నుంచి 1975 వరకు పెద్ద పరిశోధన నడిపారు. 125 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు మామూలు చక్కెర, ఒక జట్టు పండ్లలో ఉండే ఫ్రక్టోజు, ఒక జట్టు జైలిటాల్ వేసిన ఆహారం రెండేళ్లు తిన్నారు. చక్కెర జట్టులో కొత్త పుచ్చులు పెరిగాయి. జైలిటాల్ జట్టులో దాదాపు పెరగనే లేదు. దీనికి తోడు మరో జట్టుతో ఏడాది పాటు గమ్ము నమిలించి చూశారు, అక్కడా జైలిటాల్ మేలు చేసింది. 1975లోనే ఫిన్లండ్ దుకాణాల్లోకి జైలిటాల్ గమ్ము వచ్చింది. తర్వాత కొరియాలోనూ ఇది బాగా వాడుకలోకి వచ్చింది. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో కొరియా నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లను అడిగినా చెబుతారు.

ఇంతకీ జైలిటాల్ ఏం చేస్తుంది? బ్యాక్టీరియాను విషం పెట్టినట్టు చంపదు. ఆకలితో ఉన్నవాడికి తాలు కాయలు పెట్టినట్టు చేస్తుంది. మన చేలల్లో వాన సరిగా పడని ఏడు శెనక్కాయ చెట్టు పీకితే కాయలు నిండుగానే కనిపిస్తాయి. ఒలిస్తే లోపల గింజ ఉండదు. ఒలిచిన కష్టం ఒలిచినంతా దండగ. గ్లూకోజు, ఫ్రక్టోజు అణువుల్లో 6 కార్బన్లుంటాయి, జైలిటాల్‌లో 5 ఉంటాయి. మ్యూటన్స్ దీన్ని ఫ్రక్టోజు వచ్చే దారిలోంచే లోపలికి లాక్కుంటుంది. లాక్కునేటప్పుడు తన శక్తి ఖర్చుపెట్టి దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. లోపలికి వచ్చాక చూస్తే అది అరిగే సరుకు కాదు. పైగా అక్కడే ఉంటే మామూలు చక్కెర జీర్ణాన్ని కూడా అడ్డుకుంటుంది. దాంతో మళ్లీ ఫాస్ఫేటు విడదీసి బయటికి తోసేయాలి. తోశాక మళ్లీ ఇంకొకటి వచ్చి పడుతుంది. కష్టమే తప్ప కూడు లేదు. ఆమ్లం పుట్టదు, జిగురు తయారు కాదు. చాలాకాలం జైలిటాల్ వాడేవాళ్ల నోట్లో, దాన్ని లోపలికి రానివ్వని రకం మ్యూటన్స్ మిగులుతుంది. ఆ రకానికి పన్నుకు అతుక్కునే గుణం తక్కువని కొందరు పరిశోధకులు చెబుతారు.

అయితే మన కిరాణా కొట్లలో దొరికే చక్కెర లేని గమ్ములు చాలావాటిలో మొదటి స్థానం జైలిటాల్‌ది కాదు. సార్బిటాల్, మాల్టిటాల్ వంటివి ఎక్కువగా ఉంటాయి. సార్బిటాల్‌లో 6 కార్బన్లు ఉన్నాయి గనుక మ్యూటన్స్ దాన్ని తినగలదు. కానీ ఎండిన రొట్టెను నానబెట్టుకుని తినే ముసలివాడిలా, చాలా నెమ్మదిగా తింటుంది. పుట్టే ఆమ్లం తక్కువ, అది మామూలుగా పన్ను కరిగేంత స్థాయికి చేరదు. అస్పర్టేమ్, సుక్రలోజ్ వంటివి మరీ కొద్ది మోతాదులో వేస్తారు, వాటితో బ్యాక్టీరియా ఆమ్లం చేయలేవు.

ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో అంకెలుంటాయి, వాటిని చదవడం నేర్చుకోండి. 420 అంటే సార్బిటాల్. 421 మానిటాల్. 965 మాల్టిటాల్. 967 జైలిటాల్. 951 అస్పర్టేమ్. 955 సుక్రలోజ్. ఏది ఎక్కువ వేశారో అది వరసలో ముందు ఉంటుంది. ఆ వరసలో చక్కెర, గ్లూకోజు కనిపిస్తే అది పన్నుకు మేలు చేసే గమ్ము కాదు, నమిలే మిఠాయి. పుదీనా వాసన వచ్చినంత మాత్రాన, పొట్లం మీద తెల్లటి పళ్ల బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మకండి.

ఇక అసలు ప్రశ్న. మేలు చేస్తున్నది తీపి పదార్థమా, నమలడమా? నిజాయితీగా చెప్పాలంటే ఎక్కువ మేలు నమలడానిదే. గమ్ము నమలడం మొదలుపెట్టగానే లాలాజలం మామూలు కన్నా చాలా రెట్లు, కొందరిలో పది రెట్ల దాకా, పెరుగుతుంది. అంత ఊట వస్తే ఆమ్లం విరుగుతుంది, పళ్ల సందుల్లోని తునకలు కొట్టుకుపోతాయి. చక్కెర గమ్ము నమిలినా ఊట వస్తుంది, కానీ ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో కలుపు విత్తినట్టు ఉంటుంది. తీపి మార్చడం వల్ల ఆ కలుపు ఆగింది. అమెరికా దంతవైద్య సంఘం 2007లో మొదటిసారి కొన్ని చక్కెర లేని గమ్ములకు తన ముద్ర ఇచ్చింది. భోజనం తర్వాత 20 నిమిషాలు నమలమని చెప్పింది. జైలిటాల్‌కు ప్రత్యేకంగా ఫలితం కావాలంటే రోజుకు 5 నుంచి 10 గ్రాములు, కనీసం మూడు విడతలుగా వాడాలని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒక్క బిళ్లలో ఉండేది గ్రాము, చాలాసార్లు అంతకు లోపే. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 2015లో కొక్రేన్ సంస్థ నిపుణులు అప్పటిదాకా వచ్చిన జైలిటాల్ పరిశోధనలను వడపోసి, గమ్ము విషయంలో గట్టిగా చెప్పడానికి తగిన రుజువులు చాలవని తేల్చారు. కాబట్టి గమ్మును మందు అనుకోవద్దు. తోడు అనుకోండి.

అయినా ఫిన్లండ్ నుంచే వచ్చిన ఇంకో పరిశోధన నన్ను కదిలించింది. అమ్మలు, అమ్మమ్మలు ఇది కాస్త శ్రద్ధగా వినాలి. మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు గట్టిగా ఉంది. ఒకరు కొరికింది ఇంకొకరు ముట్టరు. పసిబిడ్డ దగ్గర మాత్రం ఆ పట్టింపు కరిగిపోతుంది. రాగిసంగటి ముద్ద వేడిగా ఉందేమోనని తల్లి తన నాలుకకు తాకించి చూస్తుంది. అదే చెంచాతో తాను రుచి చూసి, బిడ్డకు పెడుతుంది. అది ప్రేమ, అందులో తప్పేమీ లేదు. కానీ పుట్టిన బిడ్డ నోట్లో మ్యూటన్స్ ఉండదు. పళ్లు వచ్చే కాలంలో ఎక్కువగా తల్లి లాలాజలం నుంచే చేరుతుంది. ఫిన్లండ్‌లోని ఇలివియెస్కా ఊళ్లో మ్యూటన్స్ ఎక్కువగా ఉన్న తల్లులను తీసుకున్నారు. బిడ్డకు మూడు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్లు వచ్చేదాకా ఒక జట్టు తల్లులు జైలిటాల్ గమ్ము నమిలారు. మిగతా రెండు జట్లలో ఒక జట్టు తల్లుల పళ్లకు ఫ్లోరైడు పూత, ఇంకో జట్టు తల్లుల పళ్లకు బ్యాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ పూత వేశారు. బిడ్డలకు ఏమీ ఇవ్వలేదు. 2000లో ఫలితం వచ్చింది. రెండేళ్ల వయసులో, ఫ్లోరైడు పూత తల్లుల బిడ్డల్లో నూటికి 49 మందికి మ్యూటన్స్ చేరింది, క్లోర్‌హెక్సిడిన్ జట్టులో 29 మందికి. గమ్ము నమిలిన తల్లుల బిడ్డల్లో 10 మందికి మాత్రమే. అయిదేళ్లు వచ్చేసరికి ఆ బిడ్డల పళ్లలో పుచ్చు కూడా ఫ్లోరైడు జట్టుతో పోలిస్తే 70 శాతం తక్కువ. బిడ్డ నోటికి మొదటి రక్ష తల్లి నోరు బాగుండడమే. గమ్ము కొన్నా కొనకపోయినా, బిడ్డ పుట్టకముందే తల్లి తన పుచ్చుపళ్లు బాగుచేయించుకుంటే అది బిడ్డకిచ్చిన కానుకే.

మన నేలకు సంబంధించిన ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. మన దగ్గర గార పళ్లని పిలిచే ఆ గోధుమరంగు మచ్చలు చాలావరకు దీనివల్ల వచ్చినవే. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం మన ప్రాంతంలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు అందిన ఊళ్లలో ఈ బాధ తీరడానికి అది దారి చూపింది. గార వేరు, పుచ్చు వేరు. గార పన్ను ఏర్పడే వయసులో లోపలే పడుతుంది, పుచ్చు బయటి నుంచి బ్యాక్టీరియా చేసే పని. ఏ గమ్మూ, ఏ తెల్లబరిచే పొడీ గారను పోగొట్టదు. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దితే మచ్చ పోదు సరిగదా ఉన్న ఎనామిల్ అరుగుతుంది. అంతమాత్రాన ఫ్లోరైడు శత్రువనుకోవద్దు. పళ్లపొడి, పేస్టుల్లో తగిన మోతాదులో ఉన్న ఫ్లోరైడు పన్నును గట్టిపరుస్తుంది. చిన్నపిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, కాస్త పెద్దవాళ్లయితే బఠాణి గింజంత చాలు. మింగకుండా ఉమ్మేలా చూడండి. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊరైతే డాక్టరును అడిగి వాడండి.

గమ్ము వాడేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. మింగేసే వయసు పిల్లలకు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. ఈ తీపి పదార్థాలు ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, ప్యాకెట్టు మీదే ఆ మాట ఉంటుంది. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లు నమలకండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టండి. జైలిటాల్ మనకు పనికొచ్చినా కుక్కకు విషం, కొద్దిగా తిన్నా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇటీవల గుండె సంగతి కూడా చర్చకు వచ్చింది. రక్తంలో ఎరిత్రిటాల్ అనే మరో తీపి పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్లలో 2023లో, జైలిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో 2024లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు రాశారు. వాళ్లు పరీక్ష కోసం తాగించిన పానీయంలో 30 గ్రాములు ఉంది. గమ్ము బిళ్లలో ఉండేది అందులో ముప్పయ్యో వంతు, అంతకన్నా తక్కువ. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లు ఒకసారి తమ డాక్టరుతో మాట్లాడండి.

భోజనమయ్యాక ఏదో ఒకటి నమలడం మనకు కొత్తా? తాంబూలం వేసుకోవడం మన అలవాటే. కానీ వక్క నోటి క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. పొగాకు కలిస్తే చెప్పే పని లేదు. మగ్గం ముందు, లారీ స్టీరింగు ముందు, మండీలో గుట్కా పొట్లం చింపే అన్నలారా, తమ్ముళ్లారా, చేతులెత్తి అడుగుతున్నాను. నోటికి ఏదో ఒకటి నమలాలనిపిస్తే దాని బదులు చక్కెర లేని గమ్ము వేసుకోండి. అది కొనలేకపోతే చక్కెర పూత లేని సోంపు నమలండి. అదీ లేకపోతే టీ తాగాక రెండు గుక్కల నీళ్లు నోట్లో పుక్కిలించండి. ఖర్చు లేదు, ఊటకు సాయం.

బెల్లం తినొద్దని హిందూపురం వాళ్లకు నేను చెప్పను. పండగపూట ఓళిగ తినకుండా ఎవరుంటారు? భోజనంతో పాటు తినండి. ఆ సమయంలో నోట్లో ఊట ఎలాగూ ఎక్కువగా ఉంటుంది. నడుమ గంటల్లో మాత్రం నోటికి విశ్రాంతి ఇవ్వండి. బీపీ మాత్రలు, మరికొన్ని మందులు వాడే పెద్దవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు నోరు ఎండుతుంది. అలాంటివాళ్లకు చక్కెర లేని గమ్ము నిజంగా మేలు చేస్తుంది.

చివరగా ఒక్క మాట. వేసవిలో బావిలో ఊట తగ్గినట్టు, రాత్రి నిద్రలో నోటి ఊట దాదాపు ఆగిపోతుంది. అప్పుడు నోట్లో చిక్కుకున్న తీపి దగ్గర ఎవరూ మేలుకుని ఉండరు, బ్యాక్టీరియా తప్ప. గమ్ము నిద్రలో నమలలేం. అందుకే పొద్దున తోముకోవడం కన్నా రాత్రి తోముకోవడం ముఖ్యం. ఈ రాత్రి పడుకోబోయే ముందు, ఈరోజు తీపి ఎన్నిసార్లు నోట్లో పడిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. తర్వాత లేచి పళ్లు తోముకోండి, పిల్లల చేత కూడా తోమించండి. ఆ తర్వాత పొద్దున దాకా నోట్లో మంచినీళ్లు తప్ప ఇంకేమీ పడనివ్వకండి.